బ్యూగుల్ ఆగిపోయాక

యాప్రాల్‌లో తెల్లవారుజామున నడకకు బయల్దేరినవాళ్ళలో ఫౌజు నుంచి వచ్చినవాళ్ళను గుర్తుపట్టడం కష్టం కాదు. వయసు అరవై దాటినా వెన్ను నిటారుగా ఉంటుంది, అడుగు పడే తీరులో ఒక లెక్క ఉంటుంది. సికింద్రాబాద్‌కు ఈశాన్యంగా, సైనిక్‌పురికీ బొల్లారానికీ నడుమ ఉన్న ఈ పేట చుట్టుపక్కల సైన్యం భూములే ఎక్కువ. తిరుమలగిరిలో మిలిటరీ ఆసుపత్రి, సైన్యపు ఇంజినీరింగ్ విభాగమైన ఈఎంఈ కేంద్రం ఉన్నాయి. సైనిక్‌పురిలో 1970లో మొదలైన డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంది. దేశంలో ఎక్కడెక్కడో పనిచేసినవాళ్ళు రిటైరయ్యాక ఇక్కడికి వచ్చి ఇల్లు కట్టుకోవడానికి అదే కారణం. వాళ్ళ పక్కన ఇప్పుడు ఫ్లాట్లు కొనుక్కుని వచ్చిన సాఫ్ట్‌వేర్ కుటుంబాలూ చేరాయి. ఈ రెండు రకాల ఇళ్ళలోనూ ఒకే మాట వినిపిస్తుంది: బరువు తగ్గాలనుకుంటున్నాం, కుదరడం లేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ మాట అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. సైనికుడు అంటేనే ఆలోచించాలి. పదిహేడేళ్ళ సర్వీసు ముగించి, నలభై నిండకముందే పింఛనుతో ఇంటికొచ్చిన ఒక హవల్దారు గారిని ఊహించుకుందాం. మంచులో కాపలా కాశారు. వీపున బరువు కట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడిచారు. ఆయనకు పట్టుదల లేదని ఎవరనగలరు? అయినా ఇంటికొచ్చిన ఐదేళ్ళలో పన్నెండు కిలోలు పెరిగారు.

ఆయన మనసు మారలేదు. చుట్టూ ఉన్న అమరిక మారింది. యూనిట్లో ఉన్నప్పుడు పొద్దున బ్యూగుల్ లేపేది. లేచాక పీటీ ఉందా లేదా అని ఆలోచించే పనే లేదు, ఉంటుంది. సాయంత్రం ఆటలు. యూనిట్ వంటశాల అయిన లంగర్‌లో భోజనం వేళ తప్పితే మళ్ళీ పూట దాకా ఆగాల్సిందే. రాత్రి దీపాలు ఆర్పే వేళ కూడా ఎవరో నిర్ణయించిందే. ఇంటికి రాగానే ఇవన్నీ ఒక్కరోజులో ఆగిపోయాయి, ఆకలి మాత్రం పాతదే మిగిలింది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు సుమారు 2,110 కేలరీలు చాలు. ఒక మోస్తరు శ్రమ చేసేవాడికి 2,710 కావాలి. అంటే సర్వీసు ముగిసిన రోజునే అవసరం ఆరువందల కేలరీల మేర పడిపోయింది. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు.

బరువు గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ హవల్దారు గారి కథలోనే ఉంది. ఒంటి బరువును నిలిపేది సంకల్పం కాదు, అమరిక. సంకల్పం అమరికను కట్టడానికి పనికొస్తుంది, ఆ తర్వాత రోజూ మోయాల్సింది అమరికే. మన ఇళ్ళలో లావైనవాళ్ళకు ఇచ్చే సలహా ఒకటే: నోరు కట్టుకో. ఆ మాట వినివిని, కట్టుకోలేక, తమ మీద తామే అసహ్యం పెంచుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నోరు కట్టుకోవడం ఎందుకు నిలవదో శరీరశాస్త్రం బాగానే చెబుతోంది. మన ఒంట్లోని కొవ్వు లెప్టిన్ అనే హార్మోన్ను తయారుచేస్తుంది. నిల్వలు సరిపడా ఉన్నాయని అది మెదడుకు కబురు పంపుతూ ఉంటుంది. కొవ్వు తగ్గితే ఆ కబురు బలహీనపడుతుంది. జీర్ణాశయం నుంచి వచ్చే గ్రెలిన్ అనే మరో హార్మోను పెరిగి ఆకలిని రేపుతుంది. ఆస్ట్రేలియాలో 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, బరువు తగ్గినవాళ్ళను ఏడాది తర్వాత పరీక్షిస్తే ఈ హార్మోన్లు ఇంకా పాత స్థితికి రాలేదు. అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్, ఆయన సహచరులు మరో లెక్క కట్టారు. తగ్గిన ప్రతి కిలోకూ ఆకలి రోజుకు దాదాపు వంద కేలరీల చొప్పున పెరుగుతుందట. ఒంటి ఖర్చేమో కిలోకు ఇరవై, ముప్పై కేలరీలు తగ్గుతుంది. పది కిలోలు తగ్గినవాడు ఎంత ఆకలితో పోరాడుతున్నాడో దీన్నిబట్టి ఊహించవచ్చు. కరువు రోజుల్లో మన పూర్వీకులను బతికించిన ఏర్పాటు ఇది. ఒళ్ళు దాన్ని రోగం అనుకోదు, రక్షణ అనుకుంటుంది.

అదే హాల్ 2016లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన పద్నాలుగు మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించారు. దాదాపు అందరి బరువూ ఎంతో కొంత తిరిగొచ్చింది. వాళ్ళ ఒళ్ళు విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తి మాత్రం ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు ఐదువందల కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటన కనిపించినప్పుడల్లా నాకు ఈ పద్నాలుగు మందే గుర్తొస్తారు.

అసలు ఎవరు తగ్గాలి? ఇక్కడ మనకు ఒక ప్రత్యేకత ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో పక్కపక్కన వచ్చింది. ఒకరు పుణేకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు ఇంగ్లండుకు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు, అదీ పొట్టలో పేగుల చుట్టూ చేరడం మన ఉపఖండపు లక్షణం. అందుకే పాశ్చాత్యులకు 25 దాకా పరవాలేదన్న బీఎంఐ మనకు 23 దగ్గరే హెచ్చరిక అవుతుంది. మన వైద్యులు 25 దాటితే స్థూలకాయమనే అంటారు. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి అది ఉజ్జాయింపుగా 68 కిలోలు. ఇంకా తేలికైన కొలత దర్జీ టేపు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవారిలో 30 శాతం, మగవారిలో 32 శాతం మంది బీఎంఐ 25 పైన ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఆడవారిలో 36 శాతం. ఇంతమంది ఒక్కసారిగా బద్ధకస్తులు అయ్యారంటే నేను నమ్మను.

ఇక వంటింట్లోకి వెళ్దాం. అసలు సంగతి అక్కడే ఉంది.

యాప్రాల్ నుంచి ఎంతో దూరం లేని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు మెక్‌కారిసన్ అనే వైద్యుడు పెట్టిన చిన్న విభాగం అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆకలితో మాడే దేశానికి ఏం తినాలో చెప్పడానికి పుట్టిన సంస్థ ఇప్పుడు స్థూలకాయం గురించి కూడా చెప్పాల్సి వస్తోంది. 2024లో అది కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండువేల కేలరీల కంచానికి వాళ్ళు చెప్పినది, వండకముందు తూకంలో, ఇలా ఉంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మాంసం, గుడ్లు తినేవాళ్ళు పప్పులో కొంత భాగాన్ని వాటితో మార్చుకోవచ్చు.

గ్రాముల్లో చెబితే ఎవరికీ అర్థం కాదు, కిరాణా చీటీలో చెబితే అర్థమవుతుంది. నలుగురున్న ఇల్లు అనుకుందాం. నెలకు ధాన్యం 30 కిలోలు రావాలి. అంటే పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటి, గోధుమపిండి, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ అన్నీ కలిపి మరో ఐదు కిలోలు. అంతే. బస్తా నెల తిరక్కుండానే అయిపోతూ, పైన పది కిలోల పిండీ రవ్వా వస్తుంటే అక్కడే తేడా ఉంది. పప్పుల సంగతి చూడండి. 85 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు పది కిలోలు. కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, శనగలు, అలసందలు అన్నీ లెక్కలోకి తీసుకున్నా, గుడ్లకూ మాంసానికీ కొంత తగ్గించినా, మనలో ఎన్ని ఇళ్ళ చీటీల్లో దానికి సగమైనా ఉంటుంది? కూరగాయలు రోజుకు 1,600 గ్రాములు. రైతుబజారుకు వెళ్ళి వారానికి సరిపడా తెచ్చానంటూ పట్టుకొచ్చే సంచి నిజానికి మూడు రోజులకే ఖాళీ కావాలి.

కాబట్టి మన తిండిలో లోపం ఎక్కువ తినడం ఒక్కటే కాదు. అన్నం ఎక్కువై, పప్పూ కూరా తక్కువైన తిండి అది. కడుపు నిండిన భావన మాంసకృత్తులు, పీచుపదార్థం వల్ల నిలుస్తుంది. అవి తక్కువైతే రెండు గంటలకే మళ్ళీ ఆకలి. మన భోజనపు వరస కూడా దీనికి తోడు. పప్పుకు కొంత అన్నం, కూరకు కొంత, చారుకో సాంబారుకో కొంత, చివర పెరుగుకు కొంత. ఆకలి తీరిందా అని చూసుకోం, వరస పూర్తయిందా అని చూసుకుంటాం. పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఈ అలవాటును తెంచమని చెప్పడం నాకు ఇష్టం లేదు, అది మన సంస్కృతి. వరసను అలాగే ఉంచి గరిటెలు మార్చుకోవచ్చు. కూరకు పెద్ద గరిటె, అన్నానికి చిన్నది. మొదటి ముద్దకు ముందే కూర సగం తినేయాలి. చారును గ్లాసులో పోసుకుని తాగాలి. మిగిలిన అన్నం పప్పుకూ పెరుగుకూ సరిపోతుంది.

నూనె లెక్క మరీ ఆసక్తికరం. మనిషికి 27 గ్రాములంటే నలుగురికి నెలకు దాదాపు మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా నెలలో అయిపోయే ఇంట్లో ఒక్కొక్కరి ఒంట్లోకి రోజూ పదకొండు గ్రాములు అదనంగా వెళ్తోంది. అంటే వంద కేలరీలు. ఈ వంద చిన్నది కాదు. కెవిన్ హాల్ బృందం 2011లో ఇచ్చిన లెక్క ప్రకారం, రోజుకు వంద కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరకు నాలుగున్నర కిలోల దాకా తగ్గుతాం. కాకపోతే అందులో సగానికి ఏడాది పడుతుంది, మిగతాదానిలో చాలావరకు తగ్గడానికి మూడేళ్ళు. ఇక్కడే మన ఓపిక చచ్చిపోతుంది. నూనె తగ్గించిన మూడో వారం తూకం మీద నిలబడి, ముల్లు కదల్లేదని మళ్ళీ బజ్జీలు వేసుకుంటాం. కదలడానికి అది తీసుకునే కాలం అంత, దాని తప్పూ లేదు, మన తప్పూ లేదు.

డబ్బా మూత తీసిన రోజు దాని మీద తేదీ రాసి పెట్టుకోండి. కేలరీలు లెక్కించే ఏ యాప్‌కన్నా అది నమ్మకమైన సాక్షి. మా ఇంట్లో అలా రాయడం మొదలుపెట్టిన మొదటి డబ్బా ఇరవై ఆరు రోజులు వచ్చింది. ఇప్పుడు ఒక్కో డబ్బా నలభై రోజులు దాటుతోంది. వంటలో ఏం మారిందని అడిగితే చెప్పడం కష్టం. సీసాతో పోయడం మానేసి చెంచాతో పోస్తున్నాం, అంతే.

జొన్నలు, కొర్రల మీద ఇప్పుడు ఆసక్తి బాగా పెరిగింది. 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. జొన్నరొట్టె తెలంగాణకు కొత్తదేమీ కాదు, బియ్యం కన్నా ముందు ఇక్కడి పేదింటి తిండి అదే. అయితే ఒక అపోహ తీసేయాలి. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో దాదాపు 356 కేలరీలు ఉంటే జొన్నల్లో 334. పెద్ద తేడా లేదు. తేడా అంతా పీచులో ఉంది. జొన్నల్లో అది మూడింతలకు పైగా ఉంటుంది కనుక రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది. రుచిగా ఉందని ఐదు రొట్టెలు తింటే మాత్రం బియ్యానికీ దానికీ భేదం లేదు.

తెలుగునాట బరువు గురించి మాట్లాడుతూ మూడు పేర్లు ఎత్తకుండా ఉండలేం. మంతెన సత్యనారాయణరాజు గారి ఉప్పూ నూనే లేని వంట, వీరమాచనేని రామకృష్ణ గారి కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు తక్కువ పద్ధతి, ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. ఒకరు నూనె వద్దంటారు, ఒకరు కొబ్బరినూనె తాగమంటారు. అయినా ప్రతి పద్ధతిలోనూ తగ్గినవాళ్ళు మన బంధువుల్లోనే కనిపిస్తారు. ఇదెలా సాధ్యం? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2018లో ఆరువందల మందికి పైగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తక్కువ తిండి, ఇంకో జట్టుకు పిండిపదార్థాలు తక్కువ తిండి ఏడాదిపాటు పెట్టించింది. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. రెండు జట్లలోనూ కొందరు బాగా తగ్గారు, కొందరు పెరిగారు కూడా. ఏ పద్ధతి పట్టుకున్నా వంటింట్లో ఒక క్రమం వస్తుంది. బేకరీ తిండి ఆగుతుంది. వేళాపాళా ఏర్పడుతుంది. తోటివాళ్ళు దొరుకుతారు. సభల్లో పరిచయమై వాట్సాప్‌లో పలకరించుకునే ఆ తోటివాళ్ళ విలువ చాలా పెద్దదని నా అభిప్రాయం. ఎంతకాలం అలా తినగలరన్నదే అసలు పరీక్ష. ఇంట్లో పెళ్ళి జరిగితే, వేరే ఊరికి బదిలీ అయితే, ఒంట్లో బాగాలేకపోతే ఆ తిండి కొనసాగుతుందా? కొనసాగని పద్ధతిలో తగ్గిన బరువు అప్పు తెచ్చుకున్న సొమ్ము లాంటిదే.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడవచ్చు. ఏ కారణమూ లేకుండా ఒళ్ళు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. వాడుతున్న మందుల చీటీ కూడా ఒకసారి చూపించాలి, స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. ఇవన్నీ వదిలేసి మనిషిని తిండిపోతు అనడం అన్యాయం.

నడక గురించి ఎక్కువ చెప్పను, ఈ పేటలో దాన్ని నేర్పాల్సిన పనిలేదు. రోజుకు పదివేల అడుగులన్న అంకె 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి పుట్టింది. వైద్యశాస్త్రం నుంచి కాదు. 2022లో అనేక అధ్యయనాలను కలిపి చూస్తే అరవై దాటినవాళ్ళకు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగులతోనే ఆయుష్షు విషయంలో వచ్చే లాభం దాదాపు పూర్తిగా వచ్చేసింది. ఎనభై కిలోల మనిషి గంటసేపు నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి కన్నా రెండువందల కేలరీలు అదనంగా ఖర్చవుతాయి. నడక ముగించి హోటల్లో తినే రెండు వడలు ఆ లెక్కను సున్నా చేయగలవు. అందుకని నడక వృథా అనుకోకూడదు. తగ్గించడంలో దాని పాత్ర చిన్నది, తగ్గినదాన్ని నిలపడంలో చాలా పెద్దది. రక్తపోటు, షుగరు, నిద్ర, మనసు మీద అది చేసే మేలు బరువుతో సంబంధం లేకుండానే అందుతుంది. నడకతో పాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ళ సీసాలు ఎత్తడం వంటివి చాలు. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, దాన్ని కాపాడుకోకపోతే నడివయసు దాటాక మెట్లెక్కడమే భారమవుతుంది.

నిద్ర దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. యాప్రాల్ నుంచి హైటెక్ సిటీ పాతిక కిలోమీటర్ల పైచిలుకు. రాకపోకలకే రోజులో రెండు మూడు గంటలు పోతాయి. ఇంటికొచ్చి తినేసరికి తొమ్మిదిన్నర, పదిన్నర. ఆ తర్వాత గంటో రెండు గంటలో ఫోను, ఎందుకంటే రోజంతటిలో తనకంటూ మిగిలిన సమయం అదొక్కటే. తెల్లవారి అలారం మోగేసరికి ఐదున్నర గంటల నిద్ర. షికాగో విశ్వవిద్యాలయం 2022లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే అధిక బరువున్నవాళ్ళ చేత రోజూ మరో గంటా పది నిమిషాలు ఎక్కువ నిద్రపోయేలా చేశారు. తిండి గురించి ఒక్క మాటా చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే రోజుకు 270 కేలరీలు తక్కువ తిన్నారు. నూనె డబ్బా లెక్కతో పోలిస్తే ఇది రెండున్నర రెట్లకు పైనే. నిద్ర చాలనివాడికి సాయంత్రం సమోసా కనిపిస్తే చేయి ఆగదు. అది అతని గుణం కాదు, అలసిపోయిన మెదడు అడుగుతున్న ఇంధనం.

తన్ను తాను చూసుకోవడం అనే మాటకు మన ఆడవాళ్ళ జీవితంలో చోటు తక్కువ. అందరికీ వడ్డించాక మిగిలింది తినడం, పిల్లాడు వదిలేసిన దోసె పారేయలేక నోట్లో వేసుకోవడం, మధ్యాహ్నం పన్నెండుకు తినాల్సింది మూడింటికి తినడం. కూర్చుని చేసే పనులే ఎక్కువున్న ఆడవారికి రోజుకు 1,660 కేలరీలు చాలని లెక్క. ఆ రెండువేల కేలరీల కంచం కూడా వాళ్ళకు ఎక్కువే. వంటింట్లో నిలబడి తిన్న ముక్కలన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తినే ఒక్క మార్పు ఆమెకు ఏ డైట్ చార్టుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ఇది ఆమె ఒక్కతే తెచ్చుకోగల మార్పు కాదు. కంచాలు పెట్టాల్సింది, ఆమె వచ్చేదాకా ఆగాల్సింది మిగతావాళ్ళు. ఆమెకు ఉదయం నలభై నిమిషాల నడక కుదరాలంటే పిల్లల టిఫిన్ డబ్బా ఇంకొకరు సర్దాలి. బరువు ఒకరి ఒంటిమీదే కనిపించినా దాని మూలాలు ఇంటి పని పంపకంలో ఉంటాయి.

ఇప్పుడు ఇంజెక్షన్ల మాట. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన మార్కెట్‌కు వచ్చింది, బరువు కోసం వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ అదే ఏడాది జూన్‌లో. పేగుల్లో తయారయ్యే హార్మోన్లను అనుకరించి ఇవి ఆకలిని తగ్గిస్తాయి. పైన చెప్పిన ఆకలి పోరాటంలో ఇవి మనవైపు నిలబడే మందులు. తీవ్రమైన స్థూలకాయం ఉన్నవాళ్ళు డాక్టరు సలహాతో వాడుకుంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్టు ఒక పెద్ద పరీక్షలో తేలింది. మందు ఆపాక మిగిలేది మళ్ళీ ఇంటి అమరికే.

మరి నిజంగా నిలబెట్టుకున్నవాళ్ళు లేరా? ఉన్నారు. అమెరికాలో 1994లో ఇద్దరు పరిశోధకులు ఒక రిజిస్టరు తెరిచారు. కనీసం పదమూడున్నర కిలోలు తగ్గి, ఏడాదికి తక్కువ కాకుండా నిలబెట్టుకున్నవాళ్ళే అందులో చేరాలి. వేలమంది చేరారు. తగ్గిన దారులు ఎన్నో రకాలు, నిలబెట్టుకున్న తీరులో మాత్రం పోలికలు కనిపించాయి. పదిమందిలో తొమ్మిదిమంది రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు కదిలిస్తున్నారు. నలుగురిలో ముగ్గురు వారానికి ఒకసారైనా తూకం చూసుకుంటున్నారు. ఎక్కువమంది పొద్దున టిఫిన్ మానరు. అమెరికాలోనే జరిగిన మధుమేహ నివారణ ప్రయోగం ఇంకా ఊరటనిస్తుంది. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో షుగరు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. ఎనభై కిలోల మనిషికి ఏడు శాతమంటే ఐదున్నర కిలోలే. చెన్నైలో రామచంద్రన్ బృందం మనవాళ్ళ మీదే చేసి 2006లో ప్రకటించిన ప్రయోగంలో, బరువు పెద్దగా తగ్గకపోయినా తిండి, నడక మార్చుకున్నవాళ్ళకు ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. తూకం కదలని రోజుల్లో కూడా లోపల మేలు జరుగుతూ ఉంటుందన్నమాట.

హవల్దారు గారి దగ్గరికి తిరిగి వద్దాం. ఆయనకు కావాల్సింది ఇంట్లో ఒక బ్యూగుల్. నడకకు తోడొచ్చే ఇద్దరు పాత మిత్రులు గేటు దగ్గర ఐదున్నరకు నిలబడితే అదే పీటీకి పిలుపు. వానొస్తుందనో ఒంట్లో నలతగా ఉందనో మానేయాలంటే ముందు వాళ్ళకు ఫోను చేసి చెప్పాలి, ఆ మొహమాటమే లేపుతుంది. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా అయిపోయి, వంటింటి లైటు ఆరిపోతే అదే లంగర్ మూసిన వేళ. బిస్కెట్లు, మిక్చరు ఇంట్లో లేకపోతే వాటితో పోరాడే పనే ఉండదు. బంధువులింట్లో మొదటిసారి వడ్డించేటప్పుడే కొంచెం తక్కువ పెట్టించుకుని, ఇంకొంచెం వేయమంటారా అన్నప్పుడు కూర అడిగితే పెట్టినవాళ్ళ మనసూ నొచ్చుకోదు. చిక్కిపోయావేమిటి, ఒంట్లో బాగాలేదా అని పరామర్శించే పెద్దమ్మలకు సమాధానం కూడా సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే మన ఊళ్ళలో ఒళ్ళు చేయడం క్షేమానికి గుర్తు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకూడదు. నెలకొకటి చాలు. మొదటి నెల నూనె డబ్బా, రెండో నెల నిద్ర వేళ. ఒకటి అలవాటై, దాని గురించి ఆలోచించడం మానేశాకే ఇంకొకటి.

ప్రతి ఆదివారం పొద్దున టీకి ముందు మన హవల్దారు గారు తూకం చూసి క్యాలెండర్ మీద అంకె రాస్తారు. నాలుగైదు వందల గ్రాములు అటూ ఇటూ అయితే పట్టించుకోరు, అది ఒంట్లో నీరు, ఉప్పు ఆడే ఆట. రెండు కిలోలు పెరిగి, రెండు ఆదివారాలు అలాగే ఉంటే మాత్రం కదులుతారు. ఏడాదిన్నరలో ఎనభై నాలుగు నుంచి డెబ్భై ఏడుకు వచ్చిన మనిషి, సంక్రాంతి పోయాక మళ్ళీ డెబ్భై తొమ్మిది చూశారు. తనను తాను తిట్టుకోలేదు, పస్తులు మొదలుపెట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి నూనె డబ్బా తిప్పి తేదీ చూశారు. సకినాలు, అరిసెలు వండిన ఆ నెలలో అది పద్నాలుగు రోజుల ముందే ఖాళీ అయింది. కొత్త డబ్బా మూత తీసి, దాని మీద ఆ రోజు తేదీ రాసి పెట్టారు.